పొగ కనిపించిన చోటే ఊరు

అందరికీ నమస్కారం.

అమెరికా పల్లెటూళ్ళ గురించి మాట్లాడమంటే నాకు ముందు గుర్తొచ్చే ఊరు ఒకటుంది. కాన్సాస్ రాష్ట్రం వాయవ్య భాగంలో, గ్రాహం కౌంటీలో, సాలమన్ నది దగ్గర ఉంది. పేరు నికోడెమస్. చర్చికి వెళ్ళేవాళ్ళకి ఈ పేరు ఇంకో రూపంలో తెలుసు. తెలుగు బైబిల్లో రాత్రిపూట యేసు దగ్గరికి వచ్చిన నీకొదేము ఈయనే. ఊరికి ఆయన పేరే పెట్టారని కొందరంటారు. కాదు, తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న ఒక ఆఫ్రికా బానిస పేరని ఇంకొందరంటారు. ఇప్పుడు అక్కడ ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు 20 మంది కూడా లేరు. అయినా ఆ ఊరు పోయిందంటే నేను ఒప్పుకోను.

1877 సంగతి చూద్దాం. అంతర్యుద్ధం ముగిసి 12 ఏళ్ళు. బానిసత్వం చట్టంలో రద్దయింది. కానీ దక్షిణాదిలో నల్లజాతి వాళ్ళకు అంతో ఇంతో అండగా ఉన్న కేంద్ర సైన్యాన్ని ఆ ఏడే వెనక్కి పిలిచేశారు. ఓటు వేయాలన్నా భయం, కూలి గట్టిగా అడగాలన్నా భయం. సరిగ్గా అప్పుడే కెంటకీలో కరపత్రాలు తిరిగాయి. 5 డాలర్లు కడితే సెప్టెంబరులో కాన్సాస్ వెళ్ళవచ్చని. 1862 నాటి చట్టం ప్రకారం అక్కడ ప్రభుత్వ భూమి 160 ఎకరాల దాకా దొరుకుతుంది, అయిదేళ్ళు ఉండి సాగు చేసుకుంటే సొంతం. నిన్నటిదాకా ఇంకొకరి ఆస్తిగా లెక్కలో ఉన్న మనిషికి సొంత భూమి పట్టా అంటే ఏమిటో కౌలు రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఊరు కట్టడానికి ఒక కంపెనీ పెట్టారు. అధ్యక్షుడు నల్లజాతి పాస్టర్ డబ్ల్యు. హెచ్. స్మిత్. కోశాధికారి డబ్ల్యు. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూముల వ్యాపారి. ఈ హిల్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు.

జనం ఎల్లిస్ అనే స్టేషన్‌లో రైలు దిగి, అక్కడి నుంచి 50 కిలోమీటర్ల పైన ఎండుగడ్డి మైదానంలో పడి వచ్చారు. 1878 వసంతకాలంలో అలా వచ్చిన విలియానా హిక్‌మన్ చాలా ఏళ్ళ తర్వాత ఆ రోజును తలుచుకున్నారు. తోటివాళ్ళు అదిగో నికోడెమస్ అని కేకలేస్తే ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూశారట. ఏమీ కనిపించలేదు. ఎక్కడ అని అడిగితే భర్త చెయ్యి చాపి, నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి, అదే నికోడెమస్ అన్నాడట. ఆవిడ అక్కడే ఏడ్చేశారు.

ఆ పొగలు ఇళ్ళవే. ఇల్లు కట్టడానికి చెట్లు లేవు. గట్టునో నేలనో తవ్వి, పైన కర్రలూ మట్టీ కప్పుకుని అందులోనే కాపురం. అది చూసి కొందరు వచ్చిన దారినే వెనక్కి పోయారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఉండిపోయినవాళ్ళు గునపాలు, పారలతో గట్టి నేలను పెళ్ళగించారు. మొదటి చలికాలంలో వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్ళు మాంసం పంచిపెట్టి బతికించారని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. సొంత నేల పోగొట్టుకున్నవాళ్ళు, సొంత నేల ఎన్నడూ లేనివాళ్ళు ఒక పూట తిండి పంచుకున్నారు. నాకు ఈ కథలో ఇక్కడే గొంతు పట్టేస్తుంది.

పదేళ్ళు తిరిగేసరికి హోటళ్ళు, బ్యాంకు, కొట్లు, చర్చిలు, బేస్‌బాల్ జట్టు, రెండు పత్రికలు వచ్చాయి. ఒక పత్రిక పేరు వెస్టర్న్ సైక్లోన్. కోస్తాలో పుట్టినవాళ్ళెవరూ పత్రికకు తుపాను పేరు పెట్టుకోరు, అది వేరే విషయం! ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డ ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. కాన్సాస్‌లో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే.

తర్వాత రైలు టెన్షన్ మొదలైంది. 1887లో ఊరివాళ్ళు రైల్వే కోసం 16,000 డాలర్ల బాండ్లకు ఓటేశారు. అప్పు చేసైనా లైను తెచ్చుకుందామని. వాళ్ళు ఆశపడ్డ మిస్సోరి పసిఫిక్ అనే రైలు కంపెనీ రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ అనే ఇంకో కంపెనీ లైను వచ్చింది గానీ, నదికి అవతల ఒడ్డున, కొన్ని మైళ్ళ దూరంలో. అక్కడ బోగ్ అనే కొత్త ఊరు లేచింది. కొట్లవాళ్ళు ఒక్కొక్కరే అటు సర్దుకున్నారు. ఊరివాళ్ళు చేసిన తప్పేమీ నాకు కనిపించదు. నేలలో కాపురం చేసి తట్టుకున్న ఊరు కంపెనీ ఆఫీసులో గీసిన ఒక గీతకు తట్టుకోలేకపోయింది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1930ల కరువులో, దుమ్ము తుపానుల్లో చాలామంది వెళ్ళిపోయారు. 1953లో పోస్టాఫీసు మూతపడింది. దేశమంతటా నల్లజాతి రైతులకు అప్పుల దగ్గర జరిగిన వివక్ష ఉండనే ఉంది. దాని మీద వ్యవసాయ శాఖపై 1997లో వేసిన దావా 1999లో రాజీకి వచ్చింది. 1996లో నికోడెమస్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. రెండు చర్చిలు, బడి, హోటల్, టౌన్‌షిప్ హాల్, ఈ అయిదు కట్టడాలూ దాని కిందికి వస్తాయి.

పోయిందంటే ఒప్పుకోనన్నాను కదా, దానికి కారణం జులై చివరి వారాంతం. మనవాళ్ళు సంక్రాంతికి ఊరికి వెళ్ళినట్టు, మొదట వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ దేశం నలుమూలల నుంచి అక్కడికి చేరతారు. 19వ శతాబ్దంలో ఆగస్టు 1న జరుపుకునే విముక్తి వేడుకే ఇలా మారింది. ఇరవై మంది లేని చోట వందల మంది. ఊళ్ళో పుట్టిన వెరిల్ స్విట్జర్‌ను 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళ ఎంపిక మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. అంత పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడై కూడా ఆయన నికోడెమస్‌లో వ్యవసాయం వదులుకోలేదు.

వెళ్ళాలనుకుంటే 24వ నంబరు హైవే మీదే ఉంది. పెట్రోలు, భోజనం మాత్రం పడమట ఉన్న పెద్ద ఊళ్ళో చూసుకుని బయల్దేరండి. వెయ్యి మందికి పైగా ఉండే కౌంటీ కేంద్రం అది. పేరు హిల్ సిటీ. అవును, ఆ హిల్ పేరే.