సగటు దాచిపెట్టే సంగతి

విద్యార్థులారా, నమస్కారం.

ఈ గాజు పళ్లెంలో నల్లగా, వాడేసిన ఇంజన్ ఆయిల్‌లా కనిపిస్తున్నది అయస్కాంత ద్రవం, అంటే అతిసూక్ష్మ అయస్కాంత రేణువులు తేలుతున్న ద్రవం. అడుగున అయస్కాంతం పెడుతున్నాను, చూడండి. నున్నటి ద్రవం పల్లేరు కాయలా ముళ్లు తేలింది. అయస్కాంతం తీయగానే మళ్లీ సర్దుకుంది.

1963లో నాసాలో పనిచేస్తున్న స్టీవ్ పాపెల్, భారరహిత స్థితిలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో కదిలించాలని ఇలాంటి ద్రవం తయారుచేశాడు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజాన్ని, రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా చేసే ఓలియిక్ ఆమ్లంతో కలిపి చాలా రోజులు నూరాడు. నూరితే వచ్చేది ఒకే పరిమాణం కాదు కదా! ఇప్పుడు మనం ఇనుప లవణాల ద్రావణంలో అమ్మోనియా పోసి రేణువులను రసాయనికంగా అవక్షేపించినా అంతే. జల్లెడ పట్టని బియ్యంలో నూకల్లా 6 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోటో వంతు) రేణువులూ, 10వీ, 20వీ కలిసే ఉంటాయి.

చిన్నవాటి సంగతి ముందు చెప్పేస్తాను. రేణువు ఉపరితలంలో ఇంచుమించు 0.8 నానోమీటర్ల పొర అయస్కాంతత్వానికి పనికిరాదు. అది పోగా 10 నానోమీటర్ల రేణువులో దాదాపు 60 శాతం మిగిలితే, 6 నానోమీటర్లదానిలో 40 శాతమే మిగులుతుంది. ఇవి హాని చేయవు, బలమూ ఇవ్వవు.

అసలు కథ పెద్దవాటిది. వ్యాసం రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది. పక్కపక్కన చేరిన రెండు రేణువుల మధ్య ఆకర్షణ కూడా అంతే పెరుగుతుంది. 10 నానోమీటర్ల దగ్గర ఆ ఆకర్షణా, వేడి వల్ల రేణువులను అటూ ఇటూ చెదరగొట్టే ఉష్ణ చలనమూ ఇంచుమించు సమ ఉజ్జీలు. 20 దగ్గర ఉష్ణ చలనం ఓడిపోతుంది, రేణువులు గొలుసులు కడతాయి. అయస్కాంత క్షేత్రంలో ఆ గొలుసులు ప్రవాహానికి అడ్డుపడి స్నిగ్ధతను, అంటే ద్రవం చిక్కదనాన్ని పెంచుతాయి. గట్టిగా కలిపితే తెగిపోతాయి, ద్రవం మళ్లీ పలచబడుతుంది. ఇంత మార్పుకూ కారణం గుప్పెడు పెద్ద రేణువులే. నాకు ఈ విషయంలో ఎప్పటికీ ఆశ్చర్యం తీరదు.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. ఒకసారి రెండు సీసాలు తయారుచేశాను. ఎక్స్‌రే కొలతలో రెండింటి సగటూ 10 నానోమీటర్లే. రెండో దానిలో మాత్రం అమ్మోనియా పోసేటప్పుడు సరిగా కలపలేదు, దాంతో రేణువుల పరిమాణాలు బాగా చెదిరాయి. వారం తిరిగేసరికి దాని అడుగున మడ్డి పేరుకుంది. అందుకే మీ నివేదికల్లో సగటు ఒక్కటే రాయకండి, పరిమాణాలు ఎంత మేర చెదిరి ఉన్నాయో కూడా రాయండి.

ఆ సీసాను రాత్రంతా బలమైన అయస్కాంతం మీద ఉంచి, అడుగుకు చేరినదాన్ని వదిలేసి పైతేట తీశాను. ఈ పళ్లెంలో ఉన్నది అదే.