తాళంచెవి ఎవరికిస్తాం?

అందరికీ నమస్కారం.

ఒక్కసారి ఫోన్ తీసి సోషల్ మీడియాలో మీ ఫ్రెండ్ లిస్టు చూడండి. అందులో ఎంతమందికి ఇంటి తాళంచెవి ఇచ్చి నిశ్చింతగా ఊరెళ్లగలరు? నేను లెక్కపెడితే వేళ్ల మీద తేలిపోయింది. ఈరోజు చెప్పబోయే నెట్‌వర్క్ ఆ కొద్దిమందితో కట్టుకునేది.

మామూలు పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌లో (అంటే కంప్యూటర్లు నేరుగా ఒకదానితో ఒకటి ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్‌లో) ఫైలు కావాలంటే ముక్కూమొహం తెలియని కంప్యూటర్లకు కనెక్ట్ అవుతాం. వాటన్నిటికీ మన ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మన కనెక్షన్ చిరునామా, కనిపిస్తుంది. ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా సమాచారాన్ని మార్చి పంపడం) ఉందిగా అంటారు. అది దారి మధ్యలో తొంగిచూసేవాణ్ణి ఆపుతుంది. అవతలి చివర కూర్చున్నవాడే నిఘా పెట్టినవాడైతే ఏం చేస్తుంది?

అందుకని తెలిసినవాళ్లకు మాత్రమే కనెక్ట్ అవుదామన్నారు. 2000లో డాన్ బ్రిక్లిన్ (విజికాల్క్ స్ప్రెడ్‌షీట్ తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన) దీనికి 'ఫ్రెండ్-టు-ఫ్రెండ్' అని పేరు పెట్టారు. నేను లక్ష్మిని అడుగుతాను. ఆమె దగ్గర లేకపోతే తన స్నేహితుడు కిరణ్‌ని అడుగుతుంది. కిరణ్‌కి నేనెవరో తెలియదు. లక్ష్మికి నేను తెలుసు, కానీ నా కోసం అడిగానో, నా వెనక ఇంకెవరి కోసమో అడిగానో ఆమెకు తెలియదు. ఈ చివరి మాటలోనే కిటుకంతా ఉంది.

ఇలా చేతులు మారుతూ పోతే ఫైలు దొరుకుతుందా? 1967లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పరిచయస్తుల చేతుల మీదుగా పంపే ఉత్తరాలతో ఇలాంటి ప్రయోగమే చేశారు. గమ్యం చేరిన ఉత్తరాలు కొద్దిమంది చేతులు మారేసరికే చేరాయి. ఇయాన్ క్లార్క్ మొదలుపెట్టిన ఫ్రీనెట్ అనే పీర్-టు-పీర్ నెట్‌వర్క్ (2023 నుంచి దాని పేరు హైఫానెట్) ఈ గుణాన్నే నమ్ముకుంది. 2008లో వచ్చిన 0.7 వెర్షన్‌లో స్నేహితులకు తప్ప ఎవరికీ కనెక్ట్ కాని 'డార్క్‌నెట్' పద్ధతి పెట్టారు. డార్క్‌నెట్ అనగానే ఉలిక్కిపడకండి, ఇక్కడ దానికి అర్థం అంతే.

స్నేహం వల్ల ఇంకో లాభం ఉంది. ఒక్క మనిషే వెయ్యి దొంగ ఖాతాలు తెరిచి నెట్‌వర్క్‌ని ఆక్రమించడాన్ని సిబిల్ దాడి అంటారు. 2002లో జాన్ డౌసర్ రాసిన పేపర్‌తో ఈ పేరు స్థిరపడింది. ఆ వెయ్యి ఖాతాలూ ఒకదానితో ఒకటి ఎంత స్నేహమైనా చేసుకోవచ్చు, ఖర్చేమీ లేదు. నిజమైన మనుషులతో స్నేహం సంపాదించడమే కష్టం. వెయ్యి గడపల ఊరు కట్టినా బయటికి ఒకటో రెండో సన్నటి వంతెనలే ఉంటాయన్నమాట. 2006లో వచ్చిన సిబిల్‌గార్డ్ అనే రక్షణ పద్ధతి ఈ వంతెనల కొరతను ఆధారం చేసుకునే దొంగ గుంపు బలాన్ని కట్టడి చేసింది.

అయితే సోషల్ మీడియాలో స్నేహం అంత కష్టమా? 2009 చివర్లో థామస్ ర్యాన్ అనే సెక్యూరిటీ నిపుణుడు రాబిన్ సేజ్ అనే లేని అమ్మాయిని సృష్టించి ఖాతాలు తెరిచారు. రక్షణ, భద్రతా రంగాల వాళ్లే చాలామంది ఆమె స్నేహితులైపోయారు! వాళ్లే అలా చేస్తే మన సంగతి చెప్పాలా? ఒక్క క్లిక్కుతో ఎన్ని వంతెనలైనా వేసేస్తాం.

కాబట్టి ఆ లిస్టుని అడ్రస్ పుస్తకంలా వాడుకుంటే చాలంటాను. ఎవరెవరు ఉన్నారో అందులో చూసుకోండి. ఎన్‌క్రిప్షన్‌కి తాళంచెవి లాంటి కీ మాత్రం ఎదురుగా కూర్చుని క్యూఆర్ కోడ్‌తో మార్చుకోండి. కుదరకపోతే ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, కీ 'వేలిముద్ర' (ఆ కీని గుర్తుపట్టే చిన్న అంకెల వరస) చదివించుకోండి. ఇంకో కారణం కూడా ఉంది. లిస్టుని ఉన్నదున్నట్టు దించేస్తే మన నెట్‌వర్క్ మ్యాపు ఆ కంపెనీ దగ్గర ముందే ఉన్నట్టు. పేర్లు తీసేసినా లాభం తక్కువ. 2009లో నారాయణన్, ష్మాటికోవ్ ట్విట్టర్, ఫ్లికర్ రెండింటిలోనూ ఉన్నవాళ్లలో మూడోవంతు మందిని ప్రధానంగా స్నేహాల అల్లికను బట్టే గుర్తుపట్టవచ్చని చూపించారు. తప్పులు పన్నెండు శాతమే.

వాడకంలో కష్టాలు లేవని చెప్పను. నలుగురు స్నేహితులను బతిమాలి నేనూ ఇలాంటిది పెట్టించాను. రాత్రి పదింటికల్లా ముగ్గురు ల్యాప్‌టాప్‌లు మూసి పడుకునేవాళ్లు. మిగిలిన ఒక్కడి కనెక్షన్ మీద మా నెట్‌వర్క్ అంతా కుంటుకుంటూ నడిచేది. ఈ బాధ తెలుసు కాబట్టే ఫ్రీనెట్‌లో కొత్తవాళ్లతో కలిసే 'ఓపెన్‌నెట్' కూడా ఉంది. 2009 నాటి వన్‌స్వార్మ్ అనే ఫైళ్లు పంచుకునే ప్రోగ్రామ్‌లో కూడా స్నేహితులనీ, కొత్తవాళ్లనీ కలిపి వాడుకుంటూ, ఏ ఫైలు ఎవరికి కనపడాలో విడివిడిగా చెప్పుకునే వీలుండేది.

నాకు తెగని చిక్కు ఒకటుంది. స్నేహం చెడితే కీ తీసేయడం ఒక నిమిషం పని. కానీ నా ఐపీ అడ్రస్, నేను ఈ నెట్‌వర్క్‌లో ఉన్నానన్న సంగతి ఆ స్నేహితుడికి అప్పటికే తెలుసు. దాన్ని వెనక్కి తీసుకునే సాఫ్ట్‌వేర్ నేనింతవరకు చూడలేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉపాయం ఉంటే, ఇప్పుడు ప్రశ్నల సమయమే కాబట్టి, ముందు అదే వింటాను.