స్టీలు బీరువా కొనే ముందు తలుపు నొక్కి చూడండి

నమస్కారం. ఇక్కడ రెండు బీరువాలు పక్కపక్కనే నిలబెట్టాం. రెండూ ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు. రంగు కూడా ఒకటే. దూరం నుంచి చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. ఇప్పుడు ఎడమవైపు దాని తలుపు నడిమధ్య బొటనవేలితో నొక్కుతున్నాం, చూడండి. టప్‌మని లోపలికి పోయింది, వేలు తీయగానే టప్‌మని బయటికొచ్చింది. కుడివైపు దాన్ని అంతే గట్టిగా నొక్కినా కదల్లేదు. రేకు మందంగా ఉంది, పైగా తలుపు లోపల నిలువునా ఒక పట్టీ వెల్డింగ్ చేశారు. షాపులో మీరు ముందు చేయాల్సిన పని ఈ నొక్కడమే.

అసలు ఈ వస్తువు మన ఇళ్ళలోకి ఎందుకొచ్చిందో తెలిస్తే ఏం చూసి కొనాలో కూడా తెలుస్తుంది. అంతకుముందు భోషాణం ఉండేది, తెలంగాణలో సందుగ. మూత పైకి తెరవాలి, అడుగున ఉన్న చీర కావాలంటే పైనున్నవన్నీ తీయాలి. చెక్క బీరువా వచ్చాక ఆ బాధ తప్పింది గానీ చెదల భయం పోలేదు. బొంబాయిలో 1897లో తాళాల తయారీతో మొదలైన గోద్రెజ్ వాళ్ళు, 1902లో ఇనప్పెట్టెలు, 1923లో స్టీలు బీరువాలు తెచ్చారు. చెద పట్టదు, తాళం పడుతుంది, అరలు విడివిడిగా ఉంటాయి. అందుకే ఆడపిల్ల సారెలో మంచం పక్కన బీరువాకి చోటు దక్కింది.

ఇప్పుడు రేకు సంగతి. గేజి నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 20 గేజి అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు, 22 అంటే 0.7, 24 అంటే 0.55. షాపులో గేజి నోటిమాటగా చెబుతారు కాబట్టి బిల్లు మీద మిల్లీమీటర్లలో రాయించుకోండి. ఇంకా నమ్మకమైన దారి తూకం. ఒక మిల్లీమీటరు మందం రేకు చదరపు మీటరుకి 7.85 కిలోలు తూగుతుంది. ఈ సైజు బీరువాకి నాలుగు అరలతో కలిపి ఎనిమిది చదరపు మీటర్ల పైనే రేకు పడుతుంది. లెక్క వేయండి: 22 గేజి అయితే లాకరూ మడతలూ వదిలేసినా 45 కిలోలు రావాలి. "22 గేజండీ" అని అమ్మినది 38 కిలోలే తూగిందంటే ఎక్కడో పల్చటి రేకు వాడినట్టే. ఎక్కువగా అరల్లోనూ వెనక పలకలోనూ తగ్గిస్తారు. అందుకని అర బయటికి లాగి ముందు అంచు కింద వేలు పెట్టి తడమండి. రేకు రెండుసార్లు మడిచి ఉండాలి. ఒక్క మడతే అయితే కంచిపట్టు చీరలు ముప్పై పెట్టేసరికి, అంటే ఇరవై కిలోల పైమాటే, మధ్యలో వంగుతుంది.

రంగు గురించి పెద్దగా చెప్పేది లేదు. పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి కొలిమిలో వేడిచేసి అతికించింది తీసుకోండి. స్ప్రే పెయింట్ కింద వెల్డింగ్ గుంతల్ని లప్పంతో పూడుస్తారు, రవాణాలో దెబ్బ తగిలితే ఆ లప్పం పెచ్చుగా లేచి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

తాళం చూసేటప్పుడు తలుపు తెరిచే ఉంచి హ్యాండిల్ తిప్పండి. ఇదిగో, పైకొక కమ్మీ, కిందికొక కమ్మీ వెళ్తున్నాయి కదా. తలుపు అంచు దాటి కనీసం అర అంగుళం బయటికి రావాలి. ఎడమవైపు దానిలో పై కమ్మీ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు మూశాక ఇది పట్టుకున్నట్టే అనిపిస్తుంది గానీ పైమూల లాగితే వచ్చేస్తుంది.

ఇంటికొచ్చాక చాలామంది చెప్పే ఫిర్యాదు, "తలుపులు సరిగ్గా కలవడం లేదు" అని. కబ్జాల జోలికి పోకండి. ఎక్కువగా తప్పు నేలది. ఏ తలుపు కిందికి జారినట్టుందో ఆ వైపు ముందు కాలి కింద రెండు మూడు మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ ముక్క పెట్టండి. అట్టముక్క వద్దు, తడిగుడ్డ పెట్టినప్పుడు నానిపోతుంది. వాస్తు ప్రకారం నైరుతి మూలన పెట్టుకుంటారు, మంచిదే. కానీ ఆ గోడ వెనక బాత్రూమ్ ఉంటే గోడకీ బీరువాకీ మధ్య మూడు నాలుగు అంగుళాలు వదలండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది ఇంకా ముఖ్యం. బరువైనవి కింది అరల్లోనే పెట్టండి. పిల్లలున్న ఇంట్లో పైన వెనకవైపు ఎల్ ఆకారం పట్టీతో గోడకి బిగించండి, అద్దం ఉన్న తలుపులు రెండూ ఒకేసారి తెరిస్తే బరువు ముందుకి వస్తుంది.

ఇక కలరా ఉండలు. దీని మీద కాస్త గట్టిగానే చెబుతాం. పసిపిల్లల బట్టలున్న అరలో ఇవి పెట్టకండి. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి ఆ వాసన పట్టిన బట్టలతో కూడా ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉన్నట్టు మనకి ముందు తెలియదు. కలరా ఉండలూ కర్పూరం బిళ్ళలూ కలిపి ఒకే మూటలో వేయకండి. విడిగా గట్టిగానే ఉంటాయి గానీ రెండూ కలిస్తే మన ఎండాకాలం వేడికి కరిగి జిడ్డు నీరవుతాయి, ఆ మరక పట్టు మీద పడితే పోదు. జరీ చీరల్ని ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. మార్చకపోతే మడత దగ్గరే చీలుతుంది. వెండి సామాను కట్టకి రబ్బరు బ్యాండ్ వేయకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పూర్తిగా ఆరని బట్టలు లోపల పెడితే ముక్కవాసన ఒక్క అరతో ఆగదు, బీరువా అంతా పడుతుంది.

లాకరులో పొలం పత్రాలు పెట్టేవాళ్ళకి ఒక్క మాట. దొంగ చేతికి ఇది కొంత అడ్డం, మంటకి మాత్రం అడ్డం కాదు. మంటని తట్టుకునే ఇనప్పెట్టెకి రెండు గోడల మధ్య వేడిని ఆపే పదార్థం ఉంటుంది, బీరువాకి ఉన్నది ఒక్క పొర రేకు. ఆ వేడికి లోపలి కాగితాలు మాడిపోతాయి. కాబట్టి నకళ్ళు ఇంకో చోట ఉంచండి.

తాళంచెవి మీద చెక్కిన నంబరు ఇదిగో, ఇక్కడ ఉంటుంది. కొన్న రోజే రాసిపెట్టుకోండి. రెండో తాళంచెవిని అదే బీరువా లాకరులో దాచేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ వీడియో ఆపి ముందు దాన్ని బయటికి తీయండి.