పని తేలికైందా అని అడిగితే సరిపోదు

అందరికీ నమస్కారం.

ఆఫీసులో ఏఐ పెట్టాక ముందుగా జరిగేది సర్వే. "మీ పని తేలికైందా?" అంటారు. చాలామంది అవుననే టిక్కు పెడతారు. దాన్నే పరిశోధన అనుకుంటే మాత్రం చిక్కే.

2025లో అమెరికాలోని మీటర్ (METR) అనే ఏఐ పరిశోధన సంస్థ చేసిన ప్రయోగం చూడండి. 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు, ఏళ్లుగా తమ చేతుల మీద నడుస్తున్న ప్రాజెక్టుల్లోనే మొత్తం 246 పనులు చేశారు. ఏ పనికి ఏఐ వాడొచ్చో, దేనికి వాడకూడదో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఏఐ ఉంటే 24 శాతం సమయం కలిసొస్తుందని వాళ్లు ముందు అంచనా వేశారు. అంతా అయ్యాక, 20 శాతం కలిసొచ్చిందన్నారు. లెక్క తీస్తే నిజానికి 19 శాతం ఎక్కువే పట్టింది! వాళ్లు అబద్ధమాడలేదు. స్క్రీన్ రికార్డింగుల్లో అసలు సంగతి కనిపించింది: కోడ్ రాసే సమయం తగ్గింది, కానీ ఏఐకి చెప్పడం, జవాబు కోసం ఎదురుచూడటం, వచ్చినదాన్ని సరిచూడటం దాన్ని మింగేశాయి. అప్పటి టూల్స్‌తో, ఆ రకం పనిలో వచ్చిన ఫలితమిది. అన్నిటికీ అంటగట్టకూడదు.

ఎందుకంటే 2023లో వెలువడిన కస్టమర్ సపోర్ట్ అధ్యయనం వేరే కథ చెబుతుంది. అందులో 5 వేల పైచిలుకు ఉద్యోగులున్నారు. కస్టమర్‌తో చాట్ చేస్తుంటే ఏం రాయాలో స్క్రీన్ మీద ఏఐ సూచన వస్తుంది, వాడుకోవచ్చు, వదిలేయొచ్చు. గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లకు, పనిలో వెనకబడ్డవాళ్లకు 34 శాతం. ఆరితేరినవాళ్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఆ టూల్ నేర్చుకున్నది మరి ఎవరి చాట్ల నుంచి? ఎక్కువగా వాళ్ల నుంచే. వాళ్ల నైపుణ్యం అందరికీ పంచారు సరే, జీతంలో ఏమైనా కలిపారా అన్నది కూడా పరిశోధన ప్రశ్నే అని నా అభిప్రాయం.

టూల్ తీసేస్తే ఏమవుతుందన్నది ఇంకా తక్కువమంది అడుగుతున్నారు. పోలండ్‌లో కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేసే డాక్టర్ల మీద 2025లో ఒక అధ్యయనం వచ్చింది. ఏఐ రాకముందు, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న గడ్డలను 28.4 శాతం పరీక్షల్లో పట్టుకునేవారు. ఏఐకి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఆ లెక్క 22.4 శాతానికి పడింది. కారణం ఏఐయే అని దీనితో రుజువైపోదు గానీ, టెన్షన్ పడాల్సిన తేడానే.

అందుకే మీ ఆఫీసులో ఏఐ మీద ప్రయోగం చేస్తే, అందులో టూల్ లేని వారం కూడా పెట్టండి. ఆ వారం టార్గెట్లు తగ్గిస్తామని మేనేజర్లతో ముందే రాయించుకోండి. లేకపోతే ఉద్యోగులు ఫోన్లో గుట్టుచప్పుడు కాకుండా ఏఐ వాడేస్తారు, మీ డేటా కాస్తా గంగపాలవుతుంది.