రెండు గీతల మధ్య పైపు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన టైమ్‌లో సగం అక్కడే అయిపోతుంది, క్షమించాలి. నిర్వాహకులు నాకిచ్చిన అంశం భూమిలోకి చూసే రాడార్‌లో కొత్త పోకడలు. అవి నా తర్వాత మాట్లాడేవాళ్లు చెబుతారు. నేను ఒక పాత పైపు గురించి చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక స్థలంలో తవ్వకానికి ముందు రాడార్ సర్వే. నేల మీద వరసగా గీతలు అనుకుని, వాటి వెంట రాడార్‌ని నెట్టుకుంటూ నడవాలి. గ్రిడ్ గీతల మధ్య ఎడం అర మీటరు అని రాసిచ్చాను. పని ఇచ్చినవాళ్లు దాన్ని కొట్టేసి మీటరు చేశారు. సగం రోజులో అయిపోతుంది కదా అన్నారు. సరే అన్నాను. స్థలం పొడుగ్గా ఉంది కాబట్టి పొడుగువైపే నడిచాం, మలుపులు తక్కువని. ఏమీ లేదని రిపోర్టు ఇచ్చి సంతకం పెట్టాను. రెండు రోజులకి జేసీబీ దిగింది, నీళ్లు పైకి లేచాయి. పది సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు, 40 సెంటీమీటర్ల లోతులో, మా రెండు గీతల మధ్య హాయిగా పడుకుని ఉంది.

లెక్క చూడండి. వెనక వరసలో కుర్రాళ్లు, ఇది రాసుకోండి. గాలిలో తరంగం నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతుంది. నేల డైఎలక్ట్రిక్ విలువ, అంటే తరంగాన్ని నేల ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె, 9 అనుకుంటే, దాని వర్గమూలం 3 కాబట్టి వేగం 10కి పడిపోతుంది. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకి తరంగదైర్ఘ్యం 25 సెంటీమీటర్లు. ఇక కిందికి పోయేకొద్దీ తరంగం శంకువులా విచ్చుకుంటుంది. ఆ వెడల్పులో సగం కావాలంటే, లోతుని పది వర్గమూలంతో (డైఎలక్ట్రిక్‌కి ఒకటి కలిపితే పది) భాగించి, తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు కలపాలి. మీటరు లోతులో 38 సెంటీమీటర్లు వస్తుంది. నా పైపు దగ్గర 19. పైపేమో గీతకి యాభై దూరంలో! అది కనిపించకపోవడంలో వింత ఏముంది?

పైన ఉన్నది సులువుగా దొరుకుతుందనుకుంటారు చాలామంది. దొరకదండీ, లోతు తగ్గితే గీతలు దగ్గర పడాలి. ఎంత దగ్గరగా అంటే, వెతికే వస్తువుల్లో అన్నిటికన్నా చిన్నది ఏదో ముందు చెప్పండి, తర్వాత ఎడం అడగండి. పది మీటర్ల చదరంలో అర మీటరు ఎడంతో 21 గీతలు. అడ్డంగా మరో 21 గీస్తే 420 మీటర్ల నడక. ఒకే దిశలో పావు మీటరు ఎడంతో 41 గీతలు, 410 మీటర్లు. నడక దాదాపు ఒకటే. కానీ 30 సెంటీమీటర్ల గుంట మొదటి గ్రిడ్‌లో ఒక గడి నడుమ ఏ గీతకీ తగలకుండా ఉండిపోగలదు. రెండోదాంట్లో ఏదో ఒక గీత దాని మీదుగా పోవాల్సిందే. అలాగని అడ్డగీతలు వద్దనడం లేదు. పైపులు ఎటు పోతున్నాయో తెలియనప్పుడు అవే దిక్కు.

చిట్టీ వచ్చింది, చూశాను, రెండు నిమిషాలే. సర్వే రీడింగులతో క్లయింటుకి గీసిచ్చే రంగుల మ్యాపు సంగతి ఒక్కటి చెప్పేస్తాను. నడిచే దిశలో రెండు సెంటీమీటర్లకో రీడింగ్, పక్కకి మాత్రం అర మీటరు. మధ్య ఖాళీని సాఫ్ట్‌వేర్ నున్నగా నింపేస్తుంది. ఆ నింపినచోట ఎవరూ నడవలేదని మీ క్లయింటుకి చెప్పారా? ఎప్పుడైనా?

మీటరు చేసినవాళ్లని ఇన్నేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ పైపు బాగుచేశాక మళ్లీ మమ్మల్నే పిలిచారు. ఈసారి దానికి అడ్డంగా నడిచాం. మొదటి గీతలోనే రాడార్ తెర మీద గొడుగులాంటి వంపు, అదే పైపు గుర్తు, కనిపించింది, రెండోదాంట్లోనూ, మూడోదాంట్లోనూ. ఆ రోజు కూడా అడ్డంగా నడిచి ఉంటే మీటరు ఎడంతోనే దొరికేది. పొడుగువైపు నడుద్దామన్నది నేనే.