20 నుంచి 80 వరకు: బేస్‌బాల్ నారుమడిలో అంచనాలు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని ఫ్రిస్కో పేరు వినని తెలుగు బంధువర్గం ఈ రోజుల్లో అరుదు. టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆ పట్టణంలో మనవారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. ఆ ఊరికి ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ అనే ఒక బేస్‌బాల్ జట్టు ఉంది. వేసవి సాయంత్రాల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఆటకు వెళ్ళేవారు మైదానం అంచున కట్టిన నీటి కాలువలో రబ్బరు తెప్పలపై తేలుతూ కూడా ఆట చూడవచ్చు. అయితే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనుక వరుసల్లో కూర్చునే కొందరికి ఆ సందడితో గాని, ఏ జట్టు గెలుస్తుందన్న దానితో గాని పని ఉండదు. చేతిలో స్టాప్‌వాచ్, బంతి వేగాన్ని కొలిచే రాడార్ గన్, ఒడిలో నోటుపుస్తకం పెట్టుకుని, తొమ్మిదిమందిలో ఒకే ఒక్క కుర్రవాడిని మూడు నాలుగు రోజుల పాటు వరుసగా చూసి వెళ్ళిపోయే ఆ మనుషులను స్కౌట్లు అంటారు. వారు ఆ కుర్రవాడికి ఎలా మార్కులు వేస్తారు, ఆ మార్కుల నుంచి దేశమంతా చదివే ర్యాంకుల జాబితాలు ఎలా పుడతాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి ఈనాటి ప్రసంగంలోని విషయాలు.

ముందుగా ఈ వ్యవస్థ స్వరూపం కొంత తెలియాలి. ఆ ఆటకు అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి. 2021లో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత ఒక్కొక్క జట్టుకు అనుబంధంగా నాలుగేసి మైనర్ లీగ్ జట్లు, అంటే మొత్తం 120 జట్లు మిగిలాయి. అన్నిటికంటే పైది ట్రిపుల్-ఏ, దాని కింద డబుల్-ఏ, హై-ఏ, సింగిల్-ఏ. వీటికి దిగువన ఫ్లారిడాలో, అరిజోనాలో, డొమినికన్ రిపబ్లిక్‌లో కొత్తవారి శిక్షణ లీగులు నడుస్తాయి. మన ఫ్రిస్కో జట్టు టెక్సస్ రేంజర్స్ వారి డబుల్-ఏ జట్టు. 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు వ్యవహారాలు చూసిన బ్రాంచ్ రికీ, ఇతరులు తయారుచేసిన ఆటగాళ్ళను ఎక్కువ ధర పెట్టి కొనడం కంటే చిన్న జట్లను సొంతం చేసుకుని ఆటగాళ్ళను తామే పెంచుకోవడం లాభమని గ్రహించి, ఈ పద్ధతికి పునాది వేశాడు. దానికి వారు పెట్టుకున్న పేరు ఫార్మ్ సిస్టమ్. వ్యవసాయం తెలిసిన మనకు నారుమడి అంటే ఇంకా బాగా అర్థమవుతుంది.

నారుమడిలో ధాన్యం కొలిచేవాడు ఉండడు. మైనర్ లీగ్ ఆటల స్కోరుకార్డులను చదివేటప్పుడు అందరూ మరిచిపోయే సంగతి ఇదే. మంచి ఫాస్ట్‌బాల్, అంటే వేగమైన బంతి, ఉన్న పిచర్‌ను (బంతి వేసేవాడిని) పిలిచి, ఈ నెల రోజులు నీకు చేతకాని చేంజప్ అనే నెమ్మది బంతినే ఎక్కువగా వెయ్యమని పైజట్టు ఆదేశించవచ్చు. అతడు ఆ నెలలో దెబ్బలు తింటాడు, అంకెలు పాడవుతాయి, కాని అతడు సరిగ్గా చేయవలసిన పనే చేస్తున్నాడు. జట్టు గెలుపు అంచున ఉన్న వారంలోనే దాని ఉత్తమ ఆటగాడిని పై స్థాయికి తీసుకుపోతారు. గెలవడం కోసం కాక నేర్చుకోవడం కోసం ఆడే ఆట అంకెలను గెలవడం కోసం ఆడే ఆట అంకెల మాదిరిగా చదివితే తప్పుదారి పట్టక తప్పదు.

అందుకే స్కౌట్లు ఫలితానికంటే సాధనాలకు మార్కులు వేస్తారు. బ్యాటర్‌కు ఐదు సాధనాలు: బంతిని బ్యాట్‌కు తగిలించే నేర్పు, దాన్ని దూరం పంపే బలం, పరుగు వేగం, ఫీల్డింగ్, విసిరే చేయి. పిచర్‌కు అతడు వేసే ఒక్కొక్క రకం బంతికి ఒక్కొక్క మార్కు, ఆపైన అనుకున్న చోట బంతి వేయగల అదుపుకు మరొకటి. ఈ మార్కులు 20తో మొదలై 80తో ముగుస్తాయి. ఈ కొలబద్దను కూడా ఎక్కువమంది బ్రాంచ్ రికీకే ఆపాదిస్తారు. 35 వస్తే పాసయ్యే పరీక్షలు రాసి పెరిగిన మనకు 50 అంటే బొటాబొటి మార్కుగా తోస్తుంది. ఇక్కడ 50 అంటే మేజర్ లీగ్ ఆటగాళ్ళ సగటు. సింగిల్-ఏలో ఆడే 19 ఏళ్ళ కుర్రవాడి ఫీల్డింగ్‌కు స్కౌట్ 50 రాశాడంటే, ప్రపంచంలోని అత్యున్నత లీగ్‌లో రేపే దింపినా వీడు ఆ పనిలో అక్కడి సగటు ఆటగాడికి తీసిపోడని రాసినట్టు. సూత్రప్రాయంగా ప్రతి 10 మార్కులూ గణితంలో ఒక ప్రామాణిక విచలనానికి (సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నారో చెప్పే కొలతకు) సమానం. ఆ లెక్క ప్రకారం 60 లేదా అంతకు పైన ఉండేవారు మేజర్ లీగ్‌లో ఆరుగురిలో ఒకరు. 70 అందుకునేవారు 44 మందిలో ఒకరు. 80 అన్నది సుమారు 740 మందిలో ఒక్కరికి దక్కవలసిన మార్కు. ఆచరణలో స్కౌట్లు ఇంత కచ్చితంగా లెక్క కట్టరు గాని, 80 రాయడానికి వారి కలం ఎందుకు వెనకాడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కొన్ని మార్కులకు గడియారమే సాక్షి. కుడిచేతి బ్యాటర్ బంతిని కొట్టి, పరుగులో తొలి మజిలీ అయిన మొదటి బేస్ చేరడానికి 4.3 సెకన్లు పడితే అది సగటు పరుగు. మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు దొంగచాటుగా పరుగెత్తేవాడిని ఆపడానికి, బ్యాటర్ వెనుక కూర్చునే క్యాచర్ బంతిని అందుకున్న క్షణం నుంచి అది రెండో బేస్ దగ్గర చేతికి చేరేవరకు సుమారు 2 సెకన్లు సగటు. వీటిమీద వాదనకు చోటు లేదు. చిక్కంతా బ్యాటింగ్ నేర్పు దగ్గర వస్తుంది. అది ఐదింటిలో అతి ముఖ్యమైనది, కొలవడానికి అతి కష్టమైనది కూడా. చేతుల వేగం కంటికి కనిపిస్తుంది. వచ్చే బంతి కొట్టదగినదా, వదిలెయ్యదగినదా అని అర సెకను కంటే తక్కువ వ్యవధిలో తేల్చుకునే వివేకం కంటికి కనిపించదు. పైగా సింగిల్-ఏ పిచర్లు వేసే వంకర బంతులు మేజర్ లీగ్ బంతులంత మోసకారివి కావు కనుక, అక్కడ అందరినీ చితకబాదినవాడు డబుల్-ఏకు రాగానే తడబడవచ్చు. కింది స్థాయుల్లో మెరిసిన కుర్రవాళ్ళను నిజంగా వడపోసేది డబుల్-ఏ అని ఆ రంగంలో ఒక బలమైన నమ్మకం ఉంది.

స్కౌట్ ఒక్కొక్క సాధనానికి నిజానికి రెండు అంకెలు రాస్తాడు: ఈనాటిది ఒకటి, ముదిరిన తరువాత చేరుకోగలదని అనుకునేది మరొకటి. ఒక 18 ఏళ్ళ పొడగరి కుర్రవాడి బలానికి ఇప్పుడు 35, రేపు 60 అని రాస్తే, ఆ మధ్యనున్న 25 మార్కులు ఇంకా జరగని సంగతులు. ఆ దేహానికి కండ పట్టాలి, కండ పట్టినా కదలికలు మందగించకూడదు, గాయాలు తగలకూడదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. ఈ వృత్తిలో ముప్పై ఏళ్ళు గడిపిన ఏ స్కౌట్‌ను అడిగినా ఆ సామెతను ఒప్పుకోడని నా నమ్మకం.

అంకెలను పూర్తిగా పక్కన పెడతారని కాదు. వాటిని శుభ్రం చేసి వాడుకుంటారు. మొదట చూసేది వయసు. డబుల్-ఏలో 20 ఏళ్ళవాడు చేసిన సాధారణ ప్రదర్శన, అదే లీగ్‌లో 25 ఏళ్ళవాడు చేసిన అద్భుత ప్రదర్శన కంటే ఎక్కువ విలువైనది కావచ్చు. తరువాత చూసేది చోటు. కొలరాడో రాకీస్ వారి ట్రిపుల్-ఏ జట్టు ఆడే ఆల్బకర్కీ నగరం సముద్రమట్టానికి 5,000 అడుగులకు పైన ఉంది. పలచని గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది, వంకర బంతులు తక్కువ వంగుతాయి. అక్కడ బంతిని కంచె దాటించి కొట్టిన హోమ్ రన్లలో కొంత వాటా గాలికి రాసి మిగిలినది బ్యాటర్ ఖాతాలో వెయ్యాలి. ఫీల్డర్ల తప్పొప్పులతోను, అదృష్టంతోను సంబంధం తక్కువగా ఉండే స్ట్రైక్ఔట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ ఔటవడం), వాకులు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ దక్కడం) చిన్న నమూనాలోనే నిజం చెబుతాయి కాబట్టి వాటికి గౌరవం ఎక్కువ. ఇప్పుడు కెమెరాలు, రాడార్లు బ్యాట్‌ను వీడిన బంతి వేగాన్ని, పిచర్ చేతిని వీడిన బంతి ఎన్ని చుట్లు తిరుగుతోందన్నదాన్ని కూడా నమోదు చేస్తున్నాయి.

ఇక ర్యాంకుల సంగతి. ఈ కుర్రవాళ్ళను ప్రాస్పెక్టులు అంటారు. బేస్‌బాల్ అమెరికా పత్రిక 1990 నుంచి ఏటా దేశంలోని వందమంది మేటి ప్రాస్పెక్టుల జాబితా వేస్తోంది. జాబితా కూర్చేవాడు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఒకడు పది పాళ్ళలో రెండు పాళ్ళు మహా ఆటగాడు కాగలడు, ఎనిమిది పాళ్ళు ఏమీ కాకుండా పోగలడు. మరొకడు దాదాపు తప్పక సగటు ఆటగాడవుతాడు, అంతకు మించి కాడు. వీరిద్దరిలో ఎవరు పైన? ఎంత ఎదగగలడన్నది, ఎదిగే అవకాశం ఎంతన్నది వేర్వేరు కొలతలు. వాటిని కలిపి ఒకే అంకెగా వంచినప్పుడు ఏదో ఒకటి విరుగుతుంది. రెండో, మూడో బేస్‌ల మధ్యనున్న కష్టమైన స్థానంలో, అంటే షార్ట్‌స్టాప్‌గా, నిలవగలిగినవాడు బ్యాటింగ్‌లో కొంత తగ్గినా విలువైనవాడే. మొదటి బేస్ దగ్గర తప్ప మరెక్కడా నిలబడలేనివాడు బ్యాట్‌తోనే బతకాలి గనుక ఒకే రకం బ్యాటింగ్ ఉన్నా జాబితాలో దిగువన ఉంటాడు. పిచర్లయితే మోచేతికి, భుజానికి జరిగే గాయాల భయంతో మరికొన్ని మెట్లు దిగుతారు. నా మట్టుకు నాకు, 40వ ర్యాంకుకూ 80వ ర్యాంకుకూ మధ్య ఉన్న తేడాను ఏ పత్రికా నిజంగా నిరూపించలేదనే అనిపిస్తుంది.

పాత జాబితాలను తిరగేస్తే ఈ అనుమానం బలపడుతుంది. 1992లో మొదటి స్థానం బ్రియన్ టేలర్‌ది. న్యూయార్క్ యాంకీస్ అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) అందరికంటే ముందు అతడిని ఎంచుకుని 15 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది. 1993 డిసెంబరులో ఒక గొడవలో అతడి భుజం దెబ్బతిన్నది. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. మైక్ ట్రౌట్ 2010లో 85వ స్థానంలో ఉండి, 2011లో రెండో స్థానానికి వచ్చాడు. ఒక్క ఏడాదిలో అతడు 83 మెట్ల మేర మారిపోలేదు; చలి ఎక్కువగా ఉండే న్యూజెర్సీ నుంచి వచ్చిన కుర్రవాడిని స్కౌట్లు తగినంతగా చూడలేదు, ఆ ఏడాది చూశారు. మైక్ పియాజాను 1988లో 62వ రౌండులో, అదీ కుటుంబ స్నేహితుడు, డాడ్జర్స్ జట్టు మేనేజర్ అయిన టామీ లసోర్డా మాట మీద తీసుకున్నారు. 2016లో అతడు మేటి ఆటగాళ్ళ గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వెనిజులాకు చెందిన హోసే అల్టూవే ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. 15,000 డాలర్లకు ఒప్పందం చేసుకున్న అతడు ఆ పత్రిక వందమందిలో ఏనాడూ లేడు; 2017లో మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. పొడవు, పుష్టి చూసి మార్కులు వేసే అలవాటు ఈ వృత్తికి పాత జబ్బు.

జాబితా కేవలం కాలక్షేపమైతే ఈ పొరపాట్లతో ఎవరికీ నష్టం లేదు. కాని 2022లో ఆటగాళ్ళ సంఘానికీ జట్ల యజమానులకూ కుదిరిన కార్మిక ఒప్పందంలో వాటికి చోటు దొరికింది. బేస్‌బాల్ అమెరికా, క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్, మేజర్ లీగ్‌ను నడిపే ఎంఎల్‌బీ సంస్థ జాబితాల్లో కనీసం రెండింటిలో వందలోపు ఉన్న కుర్రవాడిని సీజన్ మొదటి నుంచీ పైజట్టులో ఆడించి, అతడు ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి గెలిస్తే, ఆ జట్టుకు డ్రాఫ్ట్‌లో అదనంగా ఒక ఎంపిక లభిస్తుంది. హూలియో రోడ్రిగేజ్ మూలంగా సియాటిల్ మారినర్స్ దాన్ని మొదట అందుకుంది. విలేఖరుల అభిప్రాయం ఈ విధంగా ఆస్తిగా మారింది.

ఒకే చేతికి ఎన్ని ధరలు పలకవచ్చో తెలుసుకోవాలంటే పిచర్ కుమార్ రాకర్‌ను చూడాలి. తండ్రి ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. తల్లి లలిత భారతీయ మూలాలున్న కుటుంబానికి చెందినవారు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున 2019లో కుమార్, డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ఔట్ చేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకుని, వైద్యపరీక్షల నివేదిక చూసి అసలు ఒప్పందమే చేసుకోకుండా వదిలేసింది. ఆ శరదృతువులో అతడి భుజానికి శస్త్రచికిత్స జరిగింది. మరుసటి ఏడాది ఏ మేజర్ లీగ్ జట్టుతోనూ సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో 20 ఇన్నింగ్స్ (ఇక్కడ ఒక ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్ల విడత) వేసి 32 మందిని స్ట్రైక్ఔట్ చేశాడు. రేంజర్స్ స్కౌట్లు ఆ చిన్న మైదానాల్లో అతడిని చూసి, 2022లో అందరూ ఆశ్చర్యపోయేలా మూడో ఎంపికగా తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చారు. ఒకరు వద్దన్న చేయి మరొకరికి పదో స్థానం నుంచి మూడో స్థానానికి ఎక్కింది. ఇద్దరిలో ఎవరి అంచనా సరైనదని అడిగితే సూటిగా చెప్పడం కష్టం. 2023లో మోచేతికి మరో శస్త్రచికిత్స అవసరమైంది కనుక భయపడినవారి భయం ఉత్తది కాదు. ఫ్రిస్కోలోనూ ట్రిపుల్-ఏ రౌండ్ రాక్‌లోనూ వేగంగా మెట్లెక్కి, 2024 సెప్టెంబరులో సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి 4 ఇన్నింగ్స్‌లో 7 మందిని స్ట్రైక్ఔట్ చేశాడు కనుక నమ్మినవారి నమ్మకమూ ఉత్తది కాదు.

ఆ తొలి ప్రదర్శన తరువాత కూడా కొంతకాలం అతడు ప్రాస్పెక్టుగానే లెక్కకు వచ్చాడు. మేజర్ లీగ్‌లో పిచర్ 50 ఇన్నింగ్స్, బ్యాటర్ 130 సార్లు బ్యాటింగ్ దాటితే కొత్త ఆటగాడన్న హోదా పోతుంది. రాకర్ 2025లో ఆ గీత దాటాడు. గీత దాటినవాడి పేరును జాబితా నుంచి తీసేస్తారు. కింద ఉన్నవారందరూ ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతారు. ఎక్కడో సింగిల్-ఏ ఊళ్ళో ఆ రోజు ఆటకు సెలవై గదిలో నిద్రపోతున్న కుర్రవాడు సైతం, లేచి ఫోను చూసుకునేసరికి ఒక ర్యాంకు మెరుగుపడి ఉంటాడు.

నమస్కారం.