షాద్‌నగర్ దారిలో కంప్యూటర్

అందరికీ నమస్కారం.

మహబూబ్‌నగర్‌లో హైదరాబాద్ బస్సు ఎక్కితే దారిలో షాద్‌నగర్ వస్తుంది. మీలో చాలామంది నెలకోసారైనా ఆ దారిన పోయేవాళ్లే. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అది మన పాలమూరు జిల్లాలోదే. కంప్యూటర్లు ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చాయో ఆ ఒక్క ఊరిని పట్టుకుని చెప్పొచ్చు.

1979లో షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహాల సంకేతాలు అందుకునే కేంద్రం మొదలైంది. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మన మీదుగా పోతుంటే, అది పంపే డేటా ఇక్కడ టేపుల మీదికి ఎక్కేది. అంతకు పదేళ్ల ముందే, 1969లో, హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తెచ్చింది. అప్పట్లో కంప్యూటర్ అంటే సంస్థల సొత్తు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో 1961లో టైమ్ షేరింగ్ చేసి చూపించారు. మెషిన్ ఒక్కటే, దాన్ని ఒకేసారి వాడుకునేవాళ్లు చాలామంది. మన ముందు ఉండేది టెర్మినల్ మాత్రమే, అంటే టైప్ చేసి జవాబు చూసుకునే పరికరం, లెక్క చేసేది ఇంకో గదిలో.

1981లో ఐబీఎం పీసీ వచ్చాక ఆ లెక్క మన బల్ల మీదికి వచ్చింది. నేను ఆ కాలపు మనిషిని. పాలమూరులో నేను నేర్చుకున్న సెంటర్‌లో చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి, ముగ్గురికి ఒక కంప్యూటర్. ఒకరోజు అది ఆన్ కాలేదు. మా సారు మూత తీసి, ర్యామ్‌ను, అంటే మెమరీ పలకను, బయటికి లాగి, దాని అంచున బంగారు రంగులో ఉండే పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దారు. ఊది మళ్లీ బిగించి స్విచ్ వేశారు. ఒక్క బీప్. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు. కంప్యూటర్ మనిషి చేతికి అందే వస్తువేనని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు మళ్లీ షాద్‌నగర్‌కు పోదాం. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్ సేవలను హైదరాబాద్ కేంద్రంగా మొదలుపెట్టింది. ఆ డేటా సెంటర్లలో ఒకటి షాద్‌నగర్ పక్కన ఎల్లికట్టలో ఉంది. క్లౌడ్ అంటే మబ్బు కదా అని పైకి చూడొద్దు, అది మన పొలాల పక్కనే గోడలు, కరెంటు తీగలు ఉన్న బిల్డింగు. అంటే 1961 పద్ధతే మళ్లీ వచ్చింది. మీ ఫోన్ టెర్మినల్ అయింది, లెక్క దూరం పోయింది.

ఇందులో మేలు చాలా ఉంది. మక్తల్‌లో ఉన్న పిల్ల కూడా అక్కడి పెద్ద కంప్యూటర్‌ను, అంటే సర్వర్‌ను, గంటకింత అని కిరాయికి తీసుకుని పని చేసుకోవచ్చు. మా రోజుల్లో అది కలలో కూడా లేదు. నా బాధల్లా ఒకటే, దాని మూత తీసి చూపించే సారు మీకు లేడు. ఏఐ వచ్చాక ఇంకా దూరమైంది. ప్రశ్న ఇక్కడ అడుగుతాం, జవాబు ఎక్కడ తయారవుతుందో తెలియదు.

కానీ అదే ఏఐలో చిన్న మోడళ్లు, అంటే జవాబులు తయారుచేసే ప్రోగ్రాములు, ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌లో, నెట్ ఆపేసినా నడుస్తున్నాయి. తొలి పీసీలోని 8088 చిప్‌లో ఉన్నవి సుమారు 29,000 ట్రాన్సిస్టర్లు, అంటే లెక్క చేసే చిన్న చిన్న స్విచ్‌లు. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్‌లో 1,600 కోట్లు. అంత బలం మన చేతిలో ఉన్నప్పుడు ప్రతి పనికీ ఎల్లికట్ట దాకా పోవాల్సిన పనిలేదు.

రేపు పొద్దున పదింటికి ల్యాబ్‌లో ఒక పాత పీసీ మూత తీస్తాను. ఆ తర్వాత నా ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి ఒక చిన్న మోడల్‌ను నడిపిద్దాం. వచ్చేవాళ్లు ఒక పెన్సిల్ రబ్బరు తెచ్చుకోండి.